మజిలీ ఎక్కడో ముందే తేల్చుకుందాం

మా పెద్దల కాలంలో హజ్‌కు పోవాలంటే మజిలీ ఎక్కడన్న ప్రశ్నే ఉండేది కాదు. వినుకొండలో మీటర్ గేజ్ బండి ఎక్కి నంద్యాల, డోన్ మీదుగా గుంతకల్లు చేరాలి. అక్కడ బొంబాయి మెయిలు పట్టుకోవాలి. బొంబాయిలో ముసాఫిర్‌ఖానాలో చాప పరచుకుని ఓడ కోసం రోజులు లెక్కపెట్టుకోవాలి. ఓడ ఎక్కాక సముద్రం మీద వారం పది రోజులు. యలమ్‌లమ్ కొండకు ఎదురుగా వచ్చేసరికి ఓడ కూత వేసేది, మగవాళ్ళు ఇహ్రాం కట్టుకునేవారు. 1995 దాకా ఈ ఓడలు నడిచాయి. తర్వాత అవి ఆగిపోయి, హాజీలందరూ విమానమే ఎక్కుతున్నారు.

ఆ రోజుల్లో దారి ఒక్కటే గనుక ఎంచుకునే బాధ లేదు. ఇవాళ దారులు పది. హైదరాబాద్ నుంచి నేరుగా జిద్దాకు పోవచ్చు. దుబాయి, షార్జా, అబూధాబీ, దోహా, మస్కట్, కువైట్, బహ్రెయిన్, రియాద్, వీటిలో ఏదో ఒకచోట దిగి విమానం మారవచ్చు. గన్నవరంలో ఎక్కి ఢిల్లీలోనో ముంబయిలోనో మారవచ్చు. దారులు పెరిగితే మేలే. కానీ ఆ పదింటిలో మనకు ఏది తగినదో చూసేవారు లేరు. టికెట్టు మీద అంకె ఒక్కటే చూస్తున్నాం. మేమూ అంతే చేశాం. చేసి నష్టపోయాం గనుకనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము నూజెండ్ల, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మందిమి ఉమ్రాకు బయలుదేరాం. ఆరుగురు మగవాళ్ళు, ఐదుగురు ఆడవాళ్ళు. మాలో సగం మంది విమానాశ్రయం గేటు కూడా చూసినవారు కాదు. మిరపకాయ అమ్మిన సొమ్ము కొందరిది, మేకలు అమ్మిన సొమ్ము ఒకరిది, కొడుకు కువైట్ నుంచి పంపిన సొమ్ము ఇంకొకరిది. ఏజెంటు రెండు లెక్కలు చెప్పాడు. హైదరాబాద్ నుంచి జిద్దాకు ఒకే టికెట్టయితే ఒక ధర. గల్ఫులోని ఒక నగరం దాకా ఒక కంపెనీ విమానం, అక్కడి నుంచి జిద్దాకు వేరొక కంపెనీ విమానం అయితే మనిషికి ఆరు వేలు తక్కువ. పదకొండు ఆర్లు అరవై ఆరు. అరవై ఆరు వేల రూపాయలు! మేము మారుమాట లేకుండా సరేనన్నాం.

హైదరాబాద్‌లో మొదటి విమానమే మూడు గంటలు ఆలస్యంగా లేచింది. గల్ఫు నగరంలో దిగేసరికి రెండో విమానం వెళ్ళిపోయింది. అక్కడి కౌంటరులో అబ్బాయి మలయాళీ, ఉర్దూ బాగానే మాట్లాడాడు. మా కాగితాలు తిరగేసి, "ఖాలా, ఇవి ఒక టికెట్టు కాదు, రెండు టికెట్లు. రెండో కంపెనీ వాళ్ళకు మీరు ఎందుకు ఆలస్యమయ్యారో సంబంధం లేదు. మీ సామాన్లు కూడా జిద్దాకు రాసి లేవు, ఇక్కడికే రాసి ఉన్నాయి. తీసుకోవాలంటే బయటికి పోవాలి. బయటికి పోవాలంటే వీసా కావాలి," అన్నాడు. మాలో పెద్దావిడకు డెబ్బై ఏళ్ళు, షుగరు ఉంది. ఆమె అడిగిన మాట ఒక్కటే: "మరి అల్లాహ్ ఇంటికి ఎప్పుడు పోతాం నాయనా?"

పంతొమ్మిది గంటలు అక్కడే కుర్చీల మీద గడిపాం. చివరికి మేము దిగిన కంపెనీ విమానంలోనే జిద్దాకు కొత్త టికెట్లు కొన్నాం. మనిషికి పద్దెనిమిది వేలు. మొత్తం లక్షా తొంభై ఎనిమిది వేలు. ఊరికి ఫోన్లు చేసి, నగలు కుదువ పెట్టించి తెప్పించుకున్న సొమ్ము అది. పైగా మగవాళ్ళ ఇహ్రాం బట్టలు లోపలి సామానులో చిక్కుకున్నాయి. మాలో ఒక పెద్దాయన చేతిసంచిలో తెల్ల పంచెలు, కండువాలు ఉండబట్టి ఇద్దరికి సరిపోయాయి. పంచె కుట్టనిదే గదా. మిగతా నలుగురూ అంగట్లో పెద్ద టవళ్ళు కొన్నారు. ఉమ్రా పూర్తయింది, దైవానికి స్తోత్రం. కానీ మాలో ముగ్గురు ఆ అప్పు ఇంకా కడుతున్నారు. అరవై ఆరు వేలు మిగిలిందనుకుంటే లక్షా ముప్ఫై రెండు వేలు అదనంగా పోయింది.

తప్పు ఏజెంటుది ఒక్కడిదే అని చెప్పి మేము తప్పుకోదలచలేదు. రెండు టికెట్లని అతను చెప్పే ఉంటాడు. దాని అర్థం ఏమిటని మేము అడగలేదు. అడగాలన్న తెలివిడి మాకు లేకపోయింది. ఇది మా పదకొండు మంది కథ మాత్రమే కాదు. ఉమ్రాకు, ఉద్యోగాలకు, బిడ్డలను చూడడానికి పల్నాడు నుంచి బయలుదేరే ఎన్నో కుటుంబాలు ఇలాగే టికెట్టు కొంటున్నాయి.

ఇందులో ధర్మం మాటా ఉంది. హజ్ అందరికీ విధి కాదు, అక్కడికి చేరే శక్తి ఉన్నవారికే విధి అని ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో ఉంది. ఆ శక్తి అంటే దారి ఖర్చులు, ఆరోగ్యంతోపాటు దారి సురక్షితంగా ఉండడం కూడానని ధర్మవేత్తలు వివరించారు. ఒంటెల కాలంలో దారి భద్రత అంటే దొంగలు లేని బాట, నీళ్ళు దొరికే మజిలీ. మన కాలంలో దాని అర్థం ఏమిటి? సామాను ఎక్కడ దిగుతుందో, విమానం తప్పితే ఎవరు పూచీయో, వీసా లేకుండా నిలబడగలిగే చోటో కాదో తెలిసి ఉండడం. బాట మారింది గాని, మజిలీ చూసుకుని బయలుదేరమన్న నియమం మారలేదు. ఉమ్రా అయితే హనఫీ మతం ప్రకారం సున్నత్. దాని కోసం అప్పు చేయాలని ఎవరూ చెప్పలేదు. అలాంటిది, దారి చూసుకోకపోవడం వల్ల అప్పుతో ఇంటికి రావడం ఏం న్యాయం?

కొందరు అంటారు, "ప్రయాణమంటేనే కష్టం. కష్టానికి తగ్గ పుణ్యం వస్తుంది. ఇంత లెక్కలెందుకు?" అని. తనంత తాను వచ్చిన కష్టాన్ని ఓర్చుకుంటే పుణ్యమే. ఆరు వేల కోసం మనమే కొని తెచ్చుకున్న కష్టం వేరు. దానిని డెబ్బై ఏళ్ళ ముసలామె మీద వేయడం ఇంకా వేరు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత దైవం మీద భారం వేయమని దైవప్రవక్త (స) చెప్పిన మాట మన పిల్లలకు కూడా తెలుసు. టికెట్టు చదువుకోవడమే మన కాలపు పలుపుతాడు.

అయితే మజిలీ ఎలా ఎంచుకోవాలి? మాకు తెలిసినంతలో చెబుతాం.

మొదటిది, వయసు మళ్ళినవారు, మొదటిసారి వెళ్ళేవారు ఉంటే నేరుగా పోయే విమానమే మేలు. హైదరాబాద్ నుంచి జిద్దా ఆరు గంటల లోపు ప్రయాణం. మనిషికి నాలుగైదు వేలు ఎక్కువైనా మధ్యలో దిగి ఎక్కే బాధ తప్పుతుంది. ఆ సొమ్ము ఎక్కడి నుంచి తేవాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు: తిరిగి వచ్చేటప్పుడు ఊరందరికీ తెచ్చే తస్‌బీలు, అత్తర్లు, దుప్పట్ల ఖర్చులో తగ్గించండి. రంజాన్ నెలలో, సెలవుల్లో ధరలు మండుతాయి. ఒకటి రెండు నెలలు ఆగి వెళ్ళండి. హజ్ సమయం తప్ప ఉమ్రా ఏడాదిలో ఎప్పుడైనా చేయవచ్చు.

రెండోది, మధ్యలో మారక తప్పకపోతే, మొదటి నుంచి చివరి దాకా ఒకే టికెట్టు, ఒకే బుకింగ్ నంబరు ఉండాలి. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి విమానంలో పంపే పూచీ కంపెనీదే. రెండు వేరు వేరు టికెట్లయితే ఆ పూచీ ఎవరికీ లేదు. ఏజెంటును మూడు ప్రశ్నలు అడగండి. బుకింగ్ నంబరు ఒకటేనా? సామాను చివరి ఊరి దాకా రాస్తారా? మధ్యలో వీసా కావాలా? హైదరాబాద్‌లో సామాను ఇచ్చాక చేతికిచ్చే చీటీ మీద చివరి ఊరి పేరుందో లేదో అక్కడే చూపించుకోండి. జిద్దాకైతే ఆంగ్లంలో జె, ఇ, డి అని మూడక్షరాలుంటాయి. చదువుకున్న పిల్లవాడు ఎవడైనా చూసి చెబుతాడు.

మూడోది, రెండు విమానాల నడుమ ఎడం. గంటన్నర ఎడం పెట్టి ఇదే చాలనే టికెట్లు ఉంటాయి. పెద్ద విమానాశ్రయంలో ఒక చివర నుంచి ఇంకో చివరకు నడవడానికి, మళ్ళీ తనిఖీకి నిలబడడానికి పెద్దవాళ్ళకు అది చాలదు. దుబాయిలోనే చూడండి, కొన్ని విమానాలు మూడో టెర్మినల్‌లో, కొన్ని రెండో టెర్మినల్‌లో ఉంటాయి, నడుమ బస్సు ఎక్కాలి. మూడు గంటలకు తగ్గకుండా, ఆరు గంటలు దాటకుండా ఉంటే మంచిది. నడవలేనివారికి చక్రాల కుర్చీ టికెట్టు కొన్నప్పుడే రాయించాలి, కనీసం రెండు రోజుల ముందు చెప్పాలి. దానికి కంపెనీలు మామూలుగా వేరే రుసుము తీసుకోవు. మా పెద్దావిడ డబ్బులడుగుతారని భయపడి వద్దన్నది, రెండు మైళ్ళు నడిచింది.

నాలుగోది, గడియారం. దుబాయి మనకంటే గంటన్నర వెనక, సౌదీ, ఖతర్ రెండున్నర గంటలు వెనక. టికెట్టు మీద ఉన్నది ఆయా ఊరి సమయం. మన చేతి గడియారం చూసి విమానం పోయిందని కంగారుపడేవారూ, ఇంకా ఉందని కునుకు తీసేవారూ ఉన్నారు. ముగ్గురు ప్రయాణిస్తుంటే ఒకరిని అమీరుగా ఎన్నుకోమన్నది ప్రవక్త (స) బోధ. బృందంలో చదువు వచ్చిన ఒకరికి ఆ పని అప్పగించి, సమయం, గేటు నంబరు ఆయన చెప్పినట్టే వినడం మంచిది.

ఐదోది, ఇహ్రాం. ఉమ్రాకు పోయే మగవారు మీఖాత్ దాటక ముందే ఇహ్రాంలో ఉండాలి. ఓడల కాలంలో మనవాళ్ళకు యలమ్‌లమ్ మీఖాత్. గల్ఫు మీదుగా, రియాద్ మీదుగా పోయే విమానం తాయిఫ్ దగ్గరి ఖర్నుల్ మనాజిల్ వైపు నుంచి వస్తుంది. ఎటు నుంచి పోయినా జిద్దా మీఖాత్‌ల లోపలే ఉంది, మీఖాత్ ఆకాశంలోనే దాటిపోతుంది. జిద్దాలో దిగాక కట్టుకుందాం అనుకుంటే ఆలస్యమైనట్టే. తిరిగి మీఖాత్‌కు పోవాలి, లేకుంటే దమ్ ఇవ్వాలి. కాబట్టి మజిలీ ఊరిలోనే స్నానం, వుజూ చేసి బట్టలు మార్చుకుని, విమానంలో ప్రకటన వినగానే నియ్యత్ చేసుకోవడం సులువు. గల్ఫు విమానాశ్రయాల్లో నమాజు గదులు, వుజూ చేసుకునే వసతి ఉన్నాయి. మజిలీ ఎంచుకోవడంలో ఇదొక మేలు. కానీ ఇహ్రాం బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. మందులు, ఇన్సులిన్ కూడా చేతిసంచిలోనే. ముందు మదీనా వెళ్ళేవారు మదీనా నుంచి మక్కాకు బయలుదేరేటప్పుడు జుల్ హులైఫా వద్ద ఇహ్రాం కట్టుకోవచ్చు. వారికి ఆకాశంలో ఈ తొందర లేదు.

ఇక ఏ ఊరు అన్న ప్రశ్న. ఏ ఊరూ శాశ్వతంగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. 2017 జూన్ 5న సౌదీ, మరి కొన్ని దేశాలు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. అది రంజాన్ నెల. ఖతర్ ఎయిర్‌వేస్ సౌదీకి విమానాలన్నీ ఆపేసింది. దోహా మీదుగా జిద్దా టికెట్టు కొన్నవారి సంగతి ఊహించుకోండి. 2021 జనవరిలో గాని ఆ దారి తెరుచుకోలేదు. 2024 ఏప్రిల్ 16న దుబాయిలో ఎన్నడూ లేని వాన కురిసి వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి, ప్రయాణికులు రోజుల తరబడి విమానాశ్రయం నేల మీద పడుకున్నారు. 2025 జూన్ 23 సాయంత్రం ఖతర్ తన ఆకాశమార్గాన్ని కొన్ని గంటలు మూసేసింది. గొప్ప విమానాశ్రయమైనా రాజకీయానికీ, వానకూ అతీతం కాదు. అందుకే ఊరి కంటే ముందు ఒకే టికెట్టు అని మేము పట్టుబట్టేది. బయలుదేరే ముందు వారం ఆ ప్రాంతపు వార్తలు తెలుసుకోవడమూ అవసరమే.

మన దేశంలోనే మారే దారిని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు. గన్నవరంలో ఎక్కి ముంబయిలోనో, ఢిల్లీలోనో విమానం మారితే, ఆలస్యమైనా మన దేశంలోనే ఉంటాం. ఫోను పలుకుతుంది, రూపాయి చెల్లుతుంది, వీసా అడిగేవారుండరు. కష్టమొస్తే రైలెక్కి ఇంటికి రావచ్చు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మన దేశంలో మొదట దిగిన చోటే సామాను తీసుకుని కస్టమ్స్ చూపించాలి, దానికి ఎడం ఎక్కువ ఉండాలి. గన్నవరం నుంచి నేరుగా విదేశాలకు పోవాలన్నది మన ప్రాంతపు పాత కోరిక. 2022 అక్టోబరు 31న షార్జాకు విమానం మొదలైంది. 2023లో హజ్ విమానాలు అక్కడి నుంచే లేచాయి. హైదరాబాద్ కంటే ఛార్జీ ఎక్కువ పడితే ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం ఆ భారం మోసింది. దగ్గరి విమానాశ్రయం ఖరీదు కావడం, దూరపుది చౌక కావడం మన ప్రజాప్రతినిధులు ఆలోచించవలసిన సంగతి. ఎక్కేవారు లేరని విమానం ఆపుతారు, విమానం లేదని ఎక్కేవారు హైదరాబాద్ పోతారు. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఒక మాట. ఏడాదికో, రెండేళ్ళకో ఊరికి వస్తూ దుబాయిలో ఒక పూట, దోహాలో ఒక పూట గడుపుతున్నారు. న్యూయార్క్, వాషింగ్టన్ నుంచి సౌదియా విమానాలు జిద్దా, రియాద్‌ల మీదుగా వస్తాయి. సౌదీ ప్రభుత్వం 2023 జనవరి 30 నుంచి ఒక కొత్త వీసా పెట్టింది. సౌదియా, ఫ్లైనాస్ విమానాల్లో మధ్యలో ఆగేవారు 96 గంటలు అక్కడ ఉండి, ఉమ్రా చేసి, మదీనా చూసి రావచ్చని ప్రకటించింది. టికెట్టు కొనేముందు ఆ వీసా నిబంధనలు ఒకసారి చూసుకోవాలి. వీలైతే, తాము అటు నుంచి జిద్దాకు, అమ్మానాన్నలు ఇటు నుంచి జిద్దాకు వచ్చేలా తేదీలు కలుపుకోండి. రెండేళ్ళుగా మొహం చూడని బిడ్డను తల్లి కఅబా ఎదుట కలుసుకుంటే ఎట్లా ఉంటుందో మేము చెప్పనక్కరలేదు. అట్లాంటి మజిలీకి రెండు వేలు ఎక్కువైనా ఎవరు బాధపడతారు?

ఇవన్నీ ప్రతి కుటుంబం తనంత తాను తెలుసుకోలేదు. నూజెండ్లలోను, వినుకొండలోను, నరసరావుపేటలోను జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో గంటసేపు కూర్చునే యువకులు ఇద్దరు ముగ్గురు చాలు. ఉమ్రాకో, ఉద్యోగానికో పోయేవారు సొమ్ము కట్టకముందే టికెట్టు కాగితం తెచ్చి చూపించుకుంటే, పై మూడు ప్రశ్నలకు జవాబులు చదివి చెప్పాలి. దీనికి ఆఫీసు అక్కరలేదు, చందా అక్కరలేదు. పేరు లేని ఈ సేవ ఎందరి అప్పులనో ఆపుతుంది. మసీదు కమిటీలు ఈ విషయం ఆలోచించాలని మా మనవి.

మొన్న మా పెద్దావిడ మళ్ళీ మా గుమ్మంలోకి వచ్చింది. మేకలు మళ్ళీ నాలుగు పెరిగాయట. "ఈసారి మా చెల్లెల్ని తీసుకుపోవాల," అన్నది. సరే ఖాలా, ముందు టికెట్టు మాకు చూపించండి, ఆ తర్వాతే మేకలు అమ్మండి అన్నాం.